కెర్నెల్ అప్‌డేట్ తర్వాత ఆగి ఆగి నడిచిన ఎస్‌ఎస్‌డీ: పర్లాకిమిడిలో 17 రోజుల నా అనుభవం

2025 మార్చి 3, సోమవారం. పర్లాకిమిడిలో కోర్టు దారిన ఉన్న డీటీపీ సెంటరు మెషీన్‌కి పొద్దున్నే అప్‌డేట్లు ఎక్కించి రీస్టార్ట్ చేశాను. అందులో ఉన్నది లినక్స్ రకమైన ఉబుంటు 24.04. హార్డ్‌వేర్‌ని నడిపించే దాని మూల ప్రోగ్రాము, అంటే కెర్నెల్, 6.8 నుంచి 6.11కి మారింది. అంతకు ముందు ఎనిమిది నెలలు ఈ మెషీన్ ఒక్కసారీ మొరాయించలేదు.

మెషీన్ సంగతి ముందే చెప్పేస్తాను, మీది ఇలాంటిదో కాదో పోల్చుకోవడానికి. మామూలు డెస్క్‌టాప్, బోర్డు మీద నాలుగు సాటా పోర్టులు, అంటే డిస్కులని కేబుల్‌తో బోర్డుకి కలిపే చోట్లు. ఒకటో పోర్టులో 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్క్. సిస్టమ్, చేతిలో నడుస్తున్న పనులు అన్నీ అందులోనే. రెండో పోర్టులో 1 టీబీ హార్డ్ డిస్క్, పాత పనులకి. యూపీఎస్ ఉంది కాబట్టి కరెంటు పోయినా మెషీన్ ఆగదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటిసారి కనబడింది. డిజైన్లు వేసే ఇంక్‌స్కేప్‌లో ఒక శుభలేఖ తెరవబోతే మౌసు కదులుతోంది గానీ ఏదీ తెరుచుకోదు. కేబినెట్ మీద డిస్క్ లైటు మిణుకుమనడం మానేసి నిలకడగా వెలుగుతోంది. అరనిమిషం పోయాక అన్ని కిటికీలూ ఒక్కసారి తెరుచుకున్నాయి. కొత్త కెర్నెల్ కదా, మొదటిరోజు ఏదో సర్దుకుంటోందిలే అనుకుని వదిలేశాను. అలా వదలకూడదు. డిస్క్‌కి పంపిన కమాండ్‌కి జవాబు రాకపోతే కెర్నెల్ మామూలుగా ఎదురుచూసే గడువు 30 సెకన్లు. మెషీన్ అరనిమిషం బిగుసుకుని మళ్లీ తేరుకుందంటే, ర్యామ్ కన్నా ప్రాసెసర్ కన్నా ముందు డిస్క్ వైపు చూడాలి.

మార్చి 4. పదకొండు గంటలకి ప్రింటు ఇస్తే వెళ్లలేదు. ఫైలు సేవ్ చేస్తే ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అంది. రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ రాకుండా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని నల్ల తెర మీద ఆగిపోయింది. డిస్క్‌లోని ఫైళ్ల అమరికని సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే అనే కమాండ్‌ని చేత్తో నడపమని రాసి ఉంది. ఆ రోజు చేతిలో పద్నాలుగు శుభలేఖలు, రెండు కుటుంబాల భూమి కాగితాలు ఉన్నాయి. మూడు రోజులుగా బ్యాకప్ తీయలేదు. కడుపులో చెయ్యిపెట్టి తిప్పినట్టయింది.

అక్కడే నేను చేసిన మంచి పని ఒకటుంది: ఎఫ్‌ఎస్‌సీకే వెంటనే కొట్టలేదు. డిస్క్ నిజంగా చచ్చిపోతూ ఉంటే రిపేరు పేరుతో దాని మీద రాయించడం ఉన్నదాన్ని కూడా పోగొట్టుకోవడమే. ముందు మొత్తం డిస్క్‌ని కాపీ తీయాలి, రిపేరు ఆ తర్వాతే. ఊళ్లోనే 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ దొరికింది, 4,700 రూపాయలు. నా దగ్గర పాత ఉబుంటు 24.04 లైవ్ పెన్‌డ్రైవ్ ఉంది, దాని నుంచే ఉబుంటు నేరుగా నడుస్తుంది. దాంతో బూట్ చేసి, డిస్క్‌ని కాపీ తీసే గ్నూ డీడీరెస్క్యూ వేసుకుని, ఎస్‌ఎస్‌డీని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఇమేజ్‌గా తీశాను. మ్యాప్ ఫైలు తప్పనిసరిగా ఇవ్వాలి. మధ్యలో ఆగిపోతే ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి మళ్లీ మొదలవుతుంది. 480 జీబీకి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. చదవలేని సెక్టార్లు సున్నా.

ఆ సున్నా చూసి ఊపిరి పీల్చుకున్నాను గానీ, దాని అర్థం ఆలోచించలేదు. చచ్చిపోయే డిస్క్ 480 జీబీని ఎక్కడా తడబడకుండా ఏకబిగిన ఇవ్వదు. పైగా ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది 6.8 కెర్నెల్. సమాధానం మొదటి సాయంత్రమే ఎదురుగా ఉంది.

కాపీ అయ్యాక ఎఫ్‌ఎస్‌సీకే నడిపాను. ఏ పార్టిషనో డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో చూసుకుని నడపండి, పేరు బట్టీపట్టి కొట్టకండి. ఎందుకో ముందు ముందు చెప్తాను. ఏడెనిమిది ఇనోడ్‌లు, అంటే ఫైళ్ల వివరాలుండే నమోదులు, సరిచేసింది, లాస్ట్ ఫౌండ్ ఫోల్డర్లో మూడు ముక్కలు పడ్డాయి, అవి బ్రౌజర్ క్యాష్. ఫైళ్లన్నీ బాగున్నాయి.

5వ తేదీ అసలు తప్పేమిటో చూద్దామని కూర్చున్నాను. జర్నల్‌సీటీఎల్‌తో గత బూట్ లాగు, అంటే సిస్టమ్ రాసుకున్న చిట్టా, తీస్తే ఏమీ లేదు. అంతా సవ్యంగా నడుస్తున్నట్టు ఉండి, ఒకచోట హఠాత్తుగా ఆగిపోతుంది. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. లాగులో తప్పు లేదు కాబట్టి డిస్క్ మంచిదే అనుకుంటారు. కానీ లాగు రాసుకునే చోటు కూడా ఆ డిస్కే. అది జవాబివ్వడం మానేశాక, మానేసింది అని రాసుకోవడానికి చోటేదీ? అందుకని ఒక టెర్మినల్ తెరిచి డీమెస్గ్‌ని డబ్ల్యూ ఆప్షన్‌తో నడుపుతూ వదిలేశాను. డి, ఎం, ఇ, ఎస్, జి, స్పేస్, మైనస్, డబ్ల్యూ. ముందు సుడో, అంటే అడ్మిన్ హక్కుతో నడిపే మాట, ఉండాలి. కెర్నెల్ చెప్పే ప్రతి మాటా వచ్చినది వచ్చినట్టు తెర మీద పడుతుంది. ఆగినప్పుడు సేవ్ చేయడం కుదరదు, ఫోనుతో ఫొటో తీసుకోవాలి.

గంటన్నరకి పడింది. ‘ఏటీఏ1.00: ఎక్సెప్షన్’ అని మొదలై, చివర ‘ఫ్రోజెన్’. దాని కింద ‘ఫెయిల్డ్ కమాండ్: రైట్ ఎఫ్‌పీడీఎంఏ క్యూడ్’, ఈమాస్క్ పక్కన ‘టైమౌట్’. తర్వాత ‘హార్డ్ రీసెట్టింగ్ లింక్’. కొన్ని సెకన్లకి ‘సాటా లింక్ అప్ 6.0 జీబీపీఎస్’. ఇది మళ్లీ మళ్లీ జరిగితే కెర్నెల్ ‘లిమిటింగ్ సాటా లింక్ స్పీడ్ టు 3.0’ అని వేగం తగ్గించి చూస్తుంది. అప్పటికీ కాకపోతే డివైస్‌ని డిసేబుల్ చేస్తుంది, ఆపై ఎక్స్‌ట్4 అనే ఫైల్ సిస్టమ్ తనంతట తాను రీడ్ ఓన్లీలోకి వెళ్లిపోతుంది. 4వ తేదీన జరిగింది అదే.

ఎర్రర్ మధ్యలో ఎస్ఎర్రర్ అనే లైను ఉంటుంది, మీసాల బ్రాకెట్లలో రెండు మూడు మాటలతో. అసలు కథ అందులోనే ఉంటుంది, నేను మొదటిసారి దాన్ని దాటేసి చదివాను. నాకు పడ్డవి ‘ఫైరెడీఛేంజ్’, ‘కామ్‌వేక్’. లింకు సిద్ధంగా ఉన్న స్థితి మారింది, నిద్ర లేపే సంకేతం నడిచింది అని వాటి అర్థం. కేబుల్ పాడైతే సాధారణంగా పడేవి ‘బ్యాడ్‌సీఆర్‌సీ’, ‘హ్యాండ్‌షేక్’, ‘డిస్‌పార్’ లాంటివి, అంటే డేటా వెళ్తూ చెడిపోయిందని. ఈ రెండు గుంపులనీ వేరు చేసి చూడటం తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ లెక్కలు కూడా చూశాను. 5వ నంబరు రీఅలొకేటెడ్, అంటే చెడి మార్చిన సెక్టార్లు, సున్నా. సరిచేయలేని ఎర్రర్లు, అనుమానపు సెక్టార్లు చెప్పే 187, 197 సున్నా. 199, అంటే దారిలో డేటా చెడిన సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క, అదీ సున్నా. స్మార్ట్‌సీటీఎల్‌లో సాటాఫై అనే లాగు అడిగితే లింకు లెక్కలు వస్తాయి. అందులో కామ్‌రీసెట్, అంటే లింకు రీసెట్ల లెక్క మాత్రం నేను చూస్తుండగానే పెరిగింది. డిస్క్ ఒళ్లు బాగుంది, మాటలు మాత్రం మధ్యలో తెగిపోతున్నాయి.

విశాఖలో పార్టులు పంపే ఆయనకి ఫోన్ చేశాను.

“ఎస్‌ఎస్‌డీ పోయింది బాబూ. 3,400 వెయ్యండి, రేపు బస్సుకి కొత్తది వేసేస్తాను.”

“స్మార్ట్ అంతా శుభ్రంగా ఉందండీ. సెక్టార్ ఒక్కటీ పోలేదు.”

“అలాగైతే ముందు కేబుల్ మార్చి చూడండి.”

ఆయన చెప్పింది తప్పు కాదు. సాటా లింకు తెగుతుంటే ముందు అనుమానించేది కేబుల్నే, అది లూజైనా ఇలా రీసెట్లు పడతాయి. క్లిప్ ఉన్న మంచి కేబుల్ 150, బస్సు పార్సిల్ 60. పార్సిల్ పాతపట్నం వరకే వస్తుంది. మహేంద్రతనయ నది దాటి వెళ్లి తెచ్చుకోవాలి. 7వ తేదీ సాయంత్రం చేతికందింది.

ఇక్కడ చేసిన పొరపాటు నాకు వారం రోజులు ఖర్చు పెట్టించింది. కేబుల్ మారుస్తూ, పాత పోర్టులో పిన్ను గట్టిగా పట్టట్లేదేమో అనిపించి, ఎస్‌ఎస్‌డీని ఒకటో పోర్టు నుంచి నాలుగో పోర్టుకి మార్చేశాను. ఒకేసారి రెండు మార్పులు. మెషీన్ హాయిగా నడిచింది. 8, 9, 10, 11 తేదీల్లో ఒక్క ఎర్రరూ లేదు. కేబులే దోషి అని తేల్చేసుకుని పాతదాన్ని విరిచి పారేశాను కూడా.

పోర్టు మారిస్తే ఇంకో చిన్న చిక్కు ఉంది. ఒకటో పోర్టులో ఎస్‌ఎస్‌డీ ఉన్నప్పుడు అది ఎస్‌డీఏ, హార్డ్ డిస్క్ ఎస్‌డీబీ. నాలుగుకి వెళ్లాక హార్డ్ డిస్కే ఎస్‌డీఏ అయిపోయింది. ఉబుంటు పార్టిషన్లని యూయూఐడీ అనే మారని గుర్తింపు సంఖ్యతో గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి బూట్‌కి ఇబ్బంది లేదు. కానీ నోట్‌బుక్‌లో రాసుకున్న పాత కమాండ్ చూసి కొడితే తప్పుడు డిస్క్ మీద పడుతుంది. ఇందాక ఎల్ఎస్‌బీఎల్‌కే చూసుకోమన్నది ఇందుకే. సైజు, మోడల్ రెండూ సరిపోతేనే ఎంటర్ కొట్టండి.

మార్చి 12, బుధవారం. ఇంకో పాత హార్డ్ డిస్క్ లోపల పెడుతూ, వైర్లు చక్కగా వెళ్లేలా ఎస్‌ఎస్‌డీని తిరిగి ఒకటో పోర్టుకి తెచ్చాను. కేబుల్ అదే కొత్తది. రెండు గంటల్లో మళ్లీ ఎర్రరు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం చేతులు ఆడలేదు. కొత్త కేబుల్, మంచి డిస్క్, అయినా లింకు తెగుతోంది. విశాఖ ఆయన “అయితే బోర్డే బాబూ, ఆ పోర్టు పోయింది” అన్నారు. ఆ తరం బోర్డు దొరికితే 6,500. షాపు వాళ్లు డబ్బు సర్దడానికి సిద్ధపడ్డారు. నాకే మనసొప్పలేదు, ఎందుకంటే రెండో పోర్టులో ఉన్న హార్డ్ డిస్క్‌కి ఇన్నాళ్లలో చీమ కుట్టినట్టు కూడా లేదు.

13వ తేదీ నెట్‌లో ఎక్కువమంది చెప్పే చిట్కా ఒకటి ప్రయత్నించాను. ఎన్‌సీక్యూ ఆపేయడం, అంటే డిస్క్‌కి ఒకేసారి చాలా కమాండ్లు వరసగా పంపే పద్ధతిని మాన్పించడం. లాగులో ‘ఎఫ్‌పీడీఎంఏ క్యూడ్’ పోయి ‘రైట్ డీఎంఏ ఈఎక్స్‌టీ’ అని వచ్చింది గానీ తెగడం తెగుతూనే ఉంది. కమాండు ఏదైనా లింకు తెగుతోందంటే తప్పు కమాండు పంపే పద్ధతిలో లేదు. ఆ రోజు పోయినా ఒక దారి మూసుకుంది.

డోల పున్నమి, హోలీ రోజుల్లో షాపు మూసే ఉంది. మెషీన్ నా చేతికి పూర్తిగా దొరికింది అప్పుడే. ఈసారి ఊహలు మానేసి, ఒకసారికి ఒక్క మార్పు చొప్పున పరీక్ష పెట్టాను. 24.04.2 లైవ్ ఇమేజ్‌లో 6.11 కెర్నెల్ ఉంటుంది. దాదాపు 6 జీబీ డౌన్‌లోడ్, 16 జీబీ పెన్‌డ్రైవ్ 400 రూపాయలు. పాత పెన్‌డ్రైవ్‌లో 6.8 ఉంది. అంటే ఎస్‌ఎస్‌డీలో ఉన్న సిస్టమ్‌ని ముట్టుకోకుండా రెండు కెర్నెళ్లనీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. లైవ్‌లో నడిస్తే ఇంకో లాభం, లాగు ర్యామ్‌లో ఉంటుంది కాబట్టి ఎస్‌ఎస్‌డీ మాయమైనా లాగు పోదు.

పరీక్ష ఎలా పెట్టాలో కాస్త వివరంగా చెప్తాను. మొదట పెద్ద ఫైళ్లు కాపీ చేసి చూశాను, 50 జీబీ వెళ్లినా ఏమీ కాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, షాపులో ఆగిన ప్రతిసారీ మెషీన్ కాసేపు ఊరికే కూర్చుని ఉన్నాకే ఆగింది. భోజనం తర్వాత, కస్టమర్‌తో మాట్లాడి తిరిగి వచ్చాక. కాబట్టి బరువు కాదు, విశ్రాంతి పెట్టాలి. ఒక చిన్న లూప్ రాశాను: 20 సెకన్లు ఆగు, డేటా చదివే డీడీ కమాండ్‌తో ఎస్‌ఎస్‌డీలో వేరే వేరే చోట్ల నుంచి 4 కేబీ చదువు, మళ్లీ ఆగు. డీడీకి డైరెక్ట్ అనే ఫ్లాగ్ ఇవ్వాలి, లేకపోతే ర్యామ్‌లో ఉన్న కాపీని చూపించి డిస్క్ దాకా వెళ్లదు. చదవడమే కాబట్టి డేటాకి ప్రమాదం లేదు.

6.8, ఒకటో పోర్టు: రాత్రంతా తొమ్మిది గంటలు, 1,600 పైచిలుకు రీడ్‌లు, ఎర్రర్ లేదు. 6.11, అదే పోర్టు, అదే కేబుల్: పదకొండో నిమిషంలో తెగింది. డిస్కూ కేబులూ బోర్డూ మారలేదు, కెర్నెల్ ఒక్కటే మారింది. 6.11, నాలుగో పోర్టు: మూడు గంటలైనా తెగలేదు.

ఈ మూడో ఫలితమే మింగుడు పడలేదు. కెర్నెల్ తప్పైతే నాలుగో పోర్టులో ఎందుకు రాదు? రెండు పోర్టుల బూట్ లైన్లు కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. బూట్ అయ్యేటప్పుడు ప్రతి సాటా పోర్టుకీ ఒక లైను పడుతుంది: ‘సాటా మ్యాక్స్ యూడీఎంఏ’ అని, తర్వాత అడ్రసులు, ఐఆర్‌క్యూ నంబరు, చివర్లో ‘ఎల్‌పీఎం పోల్’ అని ఒక అంకె. 6.8లో చూస్తే ఈ చివరి మాటే లేదు. 6.11లో ఒకటో పోర్టుకి 3. నాలుగో పోర్టుకి 0.

ఎల్‌పీఎం అంటే లింక్ పవర్ మేనేజ్‌మెంట్. డిస్క్‌కీ బోర్డుకీ మధ్య పని లేనప్పుడు సాటా లింకుని నిద్రపుచ్చే పద్ధతి. తేలిక నిద్రని పార్షియల్ అంటారు, గాఢ నిద్రని స్లంబర్. బోర్డు పంపినా నిద్రలోకి వెళ్లొచ్చు, డిస్క్ తనంతట తానైనా వెళ్లొచ్చు. రెండో దాని పేరు డీఐపీఎం. అంకె 3 అంటే డీఐపీఎంతో కూడిన మధ్యరకం పొదుపు. అన్ని డిస్కులూ ఈ నిద్ర నుంచి సవ్యంగా లేవాలి, కొన్ని లేవవు. 6.8 వరకు ఈ పొదుపు విధానం కొన్ని ఎంచిన చిప్‌సెట్లకే, ఎక్కువగా ల్యాప్‌టాప్ వాటికి, తనంతట తాను అమలయ్యేది. 6.9 నుంచి సాటా పోర్టులని నడిపే ఏహెచ్‌సీఐ కంట్రోలర్లన్నిటికీ వర్తింపజేశారు. మా డెస్క్‌టాప్ 6.8 నుంచి నేరుగా 6.11కి గెంతింది కాబట్టి ఆ మార్పు మార్చి 3న ఒక్కసారిగా మీద పడింది.

మరి నాలుగో పోర్టుకి సున్నా ఎందుకు? బోర్డు సొంత సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి చూస్తే ఆ ఒక్క పోర్టుకి హాట్ ప్లగ్ ఎనేబుల్ చేసి ఉంది. ఎప్పుడో బయటికి లాగే డిస్క్ ర్యాకు పెట్టినప్పుడు పెట్టింది, ర్యాకు తీసేసినా సెట్టింగ్ మిగిలింది. నడుస్తుండగా డిస్క్ పెట్టీ తీసే పోర్టులో లింకుని నిద్రపుచ్చితే కొత్తగా డిస్క్ పెట్టిన సంగతి కెర్నెల్‌కి తెలియదు. అందుకని అలాంటి పోర్టుల్ని బయటి పోర్టులుగా లెక్కకట్టి ఎల్‌పీఎం నుంచి వదిలేస్తారు. కేబుల్ మార్చినందుకు కాదు, ఆ సెట్టింగ్ ఉన్న పోర్టుకి వెళ్లినందుకు ఎర్రర్ పోయింది.

ఖాయం చేసుకోవడానికి నాలుగో పోర్టుకి హాట్ ప్లగ్ డిసేబుల్ చేసి 6.11లో లూప్ నడిపాను. పదిహేడో నిమిషంలో తెగింది. నాలుగు రోజులు ముత్యంలా నడిచిన పోర్టు. ఆ ఎర్రర్ చూసినప్పుడు కలిగిన సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు, బోర్డుకి 6,500 పెట్టక్కర్లేదని తేలిపోయింది.

16వ తేదీ అసలు మందు. ముందు తాత్కాలికంగా పెట్టి చూడాలి. బూట్ అవుతుండగా, ఏ కెర్నెల్‌తో మొదలవ్వాలో అడిగే గ్రబ్ మెనూ కోసం ఎస్కేప్ ఒక్కసారే నొక్కండి. రెండుసార్లు పడితే మెనూ రాదు, గ్రబ్ అని ప్రాంప్ట్ వస్తుంది. కంగారు పడకుండా ‘నార్మల్’ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టి వెంటనే ఎస్కేప్ నొక్కితే మెనూ వస్తుంది. పాత బయోస్ మెషీన్లలో ఎస్కేప్‌కి బదులు షిఫ్ట్ పట్టుకోవాలి. ఉబుంటు మీద ఉండగా ‘ఇ’ అక్షరం నొక్కితే కొన్ని లైన్లు కనిపిస్తాయి. వాటిలో ‘లినక్స్’ అనే మాటతో మొదలయ్యే లైను చివరికి వెళ్లి, ఒక స్పేస్ ఇచ్చి, ఈ మాట చేర్చాలి. ఫోనులో చెప్పినట్టే చెప్తున్నాను, అన్నీ చిన్న అక్షరాలు, మధ్యలో ఎక్కడా స్పేస్ లేదు:

ఎల్, ఐ, బి, ఎ, టి, ఎ, చుక్క, ఎఫ్, ఓ, ఆర్, సి, ఇ, ఈక్వల్‌టు గుర్తు, ఎన్, ఓ, ఎల్, పి, ఎం.

కంట్రోల్ ఎక్స్ కొడితే ఆ ఒక్క బూట్‌కి మాత్రమే వర్తిస్తుంది. లైవ్ పెన్‌డ్రైవ్ మెనూలో కూడా ఇలాగే చేర్చొచ్చు. నేను ముందు అక్కడే చేశాను: 6.11, ఒకటో పోర్టు, రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా, ఒక్క ఎర్రర్ లేదు. కామ్‌రీసెట్ లెక్క రాత్రి ఎంతుందో పొద్దున్నా అంతే.

17న ఎస్‌ఎస్‌డీలోని సిస్టమ్‌లో శాశ్వతంగా పెట్టాను. ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్లో గ్రబ్ అనే ఫైలు ఉంటుంది. అందులో సీఎండీలైన్ లినక్స్ డిఫాల్ట్ అనే లైనులో, కోట్స్ లోపలే, ‘క్వైట్ స్ప్లాష్’ తర్వాత స్పేస్ ఇచ్చి అదే మాట. సేవ్ చేసి సుడో అప్‌డేట్ గ్రబ్. ఇది మర్చిపోతే ఫైలు మారుతుంది గానీ బూట్ మారదు. రీస్టార్ట్ అయ్యాక ప్రాక్ కింద ఉండే సీఎండీలైన్ ఫైలుని చదివితే ఆ మాట కనిపించాలి. డీమెస్గ్‌లో కూడా ‘ఫోర్స్’ అనే మాటతో ఒక లైను పడుతుంది. స్పెల్లింగ్ తప్పినా కెర్నెల్ ఆగదు, ఆ మాటని వదిలేసి బూట్ అయిపోతుంది, అందుకే ఈ రెండూ చూడటం ముఖ్యం.

దీన్ని ఒక్క పోర్టుకే పెట్టొచ్చు, ఈక్వల్‌టు తర్వాత పోర్టు అంకె, కోలన్ చేర్చి. నేను అన్నిటికీ పెట్టేశాను. కొత్త కార్డేదైనా పెడితే పోర్టుల అంకెలు జరిగిపోవచ్చు, అప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. డెస్క్‌టాప్‌లో దీనివల్ల పెరిగే కరెంటు లెక్కలోకి రాదు. ల్యాప్‌టాప్ అయితే సంగతి వేరు. సాటా లింకు నిద్రపోకపోతే ప్రాసెసర్ కూడా లోతైన నిద్రలోకి వెళ్లలేకపోవచ్చు, బ్యాటరీ తగ్గుతుంది. ల్యాప్‌టాప్ వాళ్లు ఎర్రర్ పడుతున్న పోర్టు ఒక్కదానికే పెట్టుకోవడం మంచిది.

రీస్టార్ట్ లేకుండా నడుస్తుండగానే మార్చే దారి కూడా ఉంది, సిస్ ఫోల్డర్లో స్కసీ హోస్ట్ కింద లింక్ పవర్ మేనేజ్‌మెంట్ పాలసీ అనే ఫైల్లో ‘మ్యాక్స్ పెర్ఫార్మెన్స్’ అని రాయడం. అనుమానం తీర్చుకోవడానికి అది చాలు. దాని మీదే ఆధారపడొద్దు. రీస్టార్ట్ అయితే పోతుంది, పైగా టీఎల్‌పీ లాంటి బ్యాటరీ పొదుపు ప్రోగ్రాములు తమకి నచ్చిన విలువ మళ్లీ రాసేస్తాయి. గ్రబ్ దారిలో పెడితే కెర్నెల్ ఆ మార్పుని ఒప్పుకోదు.

పాత కెర్నెల్ సంగతి ఒకటి మర్చిపోకండి. ఇలాంటి రోజున గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి 6.8 ఎంచుకుంటే షాపు ఆ పూటకి నడిచిపోతుంది. మార్చి 4న ఎఫ్‌ఎస్‌సీకే తర్వాత నేను అలా చేసి ఉంటే బేరాలు పోయేవి కావు. కానీ రెండు మూడు అప్‌డేట్లు గడిస్తే పాత కెర్నెల్‌ని సిస్టమే తీసేస్తుంది. ఏపీటీ మార్క్ కమాండ్‌తో ఆ 6.8 ఇమేజ్ ప్యాకేజీని, దాని మాడ్యూల్స్ ప్యాకేజీలని మాన్యువల్ అని గుర్తుపెడితే ఆటోరిమూవ్ వాటి జోలికి రాదు. ఇప్పుడు పెట్టేశాను.

ఖర్చు మొత్తం: ఎక్స్‌టర్నల్ డిస్క్ 4,700, కేబులు పార్సిలు కలిపి 210, పెన్‌డ్రైవ్ 400. 5,310 రూపాయలు. ఇందులో అసలు తప్పుకి అవసరమైనది ఆ పెన్‌డ్రైవ్ ఒక్కటే. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఇప్పుడు రోజూ సాయంత్రం బ్యాకప్‌కి పనికొస్తోంది, దాన్ని నష్టంలో రాయను. కొనకుండా తప్పినవి 3,400 ఎస్‌ఎస్‌డీ, 6,500 బోర్డు. శుభలేఖల్లో మూడు వేరే షాపుకి వెళ్లిపోయాయి. ఆ మూడు కుటుంబాలకీ ముహూర్తం దగ్గర పడింది, ఆగమని అడగడం భావ్యం కాదు.

నిద్ర నుంచి సరిగా లేవని డిస్కుల మోడళ్ల జాబితా ఒకటి కెర్నెల్ లోపలే ఉంటుంది. అందులో ఉన్న మోడల్‌కి ఎల్‌పీఎం దానంతట అదే ఆగిపోతుంది. మా ఎస్‌ఎస్‌డీ పేరు 6.11 జాబితాలో లేదు. మోడల్ పేరు, ఫర్మ్‌వేర్ వెర్షను, రెండు కెర్నెళ్ల లాగులు, హాట్ ప్లగ్ పరీక్ష ఫలితం జతచేసి ఉబుంటులో బగ్ నమోదు చేశాను. మోడల్, ఫర్మ్‌వేర్ అక్షరం పొల్లుపోకుండా స్మార్ట్‌సీటీఎల్ చూపించినట్టే ఇవ్వాలి, జాబితాలో డిస్క్‌ని పోల్చేది ఆ అక్షరాలతోనే.

మార్చి 19 రాత్రికి షాపులో మెషీన్ వరసగా 60 గంటలు నడిచింది. డీమెస్గ్ టెర్మినల్ ఒక మూల తెరిచే ఉంది. చివరి లైను 17వ తేదీ పొద్దున బూట్ అయినప్పటి ప్రింటరు యూఎస్‌బీ లైను. దాని కింద ఇంకేమీ లేదు.